గురి పెట్టడం, గురి కుదరడం

ప్రశ్న: “ఆ డాక్టరు మీద నాకు గురి” అంటాం. విలుకాడికి “గురి తప్పింది” అంటాం. రెండు గురులూ ఒకటేనా? “గురువు మీద గురి” అని తరచు వింటాం కదా, గురువు, గురి ఒకే మూలం నుంచి వచ్చాయా?

జవాబు: రెండో ప్రశ్న తేలిక, ముందు అది చూద్దాం. గురువు సంస్కృతం, బరువు అన్న అర్థం నుంచి వచ్చింది. గురి ద్రావిడ మాట. కన్నడంలోనూ గురే, తమిళంలో కుఱి. మన “గురుతు” కూడా ఆ కుటుంబానిదే. అక్షరాలు కలిశాయి కాబట్టి ప్రవచనకారులు రెండింటికీ ముడిపెడతారు గానీ, చుట్టరికం లేదు.

ఇక మొదటిది. మాట ఒకటే. గుర్తు, గుర్తు పెట్టిన చోటు, దాని మీద నిలిచిన చూపు, ఆపైన ఒక మనిషి మీద నిలిచిన నమ్మకం అని అర్థం సాగి ఉంటుంది. “అవమానానికి గురయ్యాడు” అన్నప్పుడు మనిషే లక్ష్యమవుతాడు. నన్ను ఆకట్టుకునేది మాత్రం పక్కన చేరే క్రియ. గురి పెట్టేది మనం, కుదిరేది గురి. “నాకు గురి కుదిరింది” అంటామే గానీ “నేను గురి కుదిర్చుకున్నాను” అనడం వినం. సంబంధమైతే ఎవరో ఒకరు కుదురుస్తారు, గురికి పెళ్లిళ్ల పేరయ్య లేడు.

ఈ తేడా దగ్గరే ఒక జర్మన్ ఆచార్యుడు ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. ఓయ్‌గెన్ హెరిగెల్ 1924 నుంచి 1929 వరకు జపాన్‌లోని సెందాయ్‌లో తత్త్వశాస్త్రం బోధిస్తూ, అవా కెంజో అనే గురువు దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. అక్కడి పద్ధతిలో నారిని బొటనవేలితో పట్టి, పక్క వేళ్లు ఆ బొటనవేలి మీద మూసి లాగుతారు. వదలాలని అనుకోగానే ఈయన చేయి అదిరేది. అనుకోకుండా వదలాలంటాడు గురువు. అదెలా?

వేసవి సెలవుల్లో హెరిగెల్ ఒక కిటుకు కనిపెట్టాడు. బొటనవేలి మీది పట్టును కొద్దికొద్దిగా సడలిస్తూ పోతే నారి దానంతట అదే జారినట్టు ఉంటుంది. తిరిగి వచ్చి ఒక బాణం వేసి చూపించాడు. గురువు ఇంకొకటి వేయమన్నాడు. వేశాడు. ఆయన ఏమీ అనకుండా దగ్గరికి వచ్చి, చేతిలోని విల్లు తీసుకుని, వెళ్లి వీపు తిప్పి కూర్చున్నాడు. దుబాసీగా ఉన్న కొమాచియా బతిమాలితే గానీ మళ్లీ నేర్పడానికి ఒప్పుకోలేదు. జారినట్టు కనిపించేలా జార్చాడన్నమాట. తెలుగులో ఆ నేరం ఒక్క అక్షరంలో పట్టుబడుతుంది.

చాలాకాలానికి ఒక బాణం సరిగ్గా వెళ్లినప్పుడు గురువు తలవంచి, ఇప్పుడు “అది” వేసింది అన్నాడని హెరిగెల్ 1948 నాటి తన పుస్తకంలో రాశాడు. ఆ “అది” చుట్టూ పెద్ద వేదాంతమే పెరిగింది. యమదా షోజీ అనే జపాన్ పరిశోధకుడు దీన్ని పరిశీలించి, గురువు అన్నది మెచ్చుకోలు మాట అయి ఉండవచ్చునన్నాడు. సంగీతం మాస్టారు స్వరం పట్టుబడగానే “అదీ!” అంటారు చూడండి, అలాంటిది. నాకు ఆ వాదన నమ్మదగినదిగానే తోస్తుంది.

మరొకరు: “గురి కుదిరితే గుణం కుదురుతుంది” అని సామెత. హెరిగెల్ స్వదేశం వెళ్లాక 1937లో నాజీ పార్టీలో చేరాడు. ఏ గుణం కుదిరినట్టు?

జవాబు: గట్టి ప్రశ్న వేశారు. నాకు తెలిసినంతవరకు సామెతలోని గుణం శీలం కాదండీ, “మందు గుణం కనిపించింది” అన్నప్పటి గుణం. వైద్యుడి మీద నమ్మకం ఉంటే రోగం నయమవుతుందని. హెరిగెల్‌కు విలువిద్య అబ్బింది. మనిషి మారాడని మాత్రం నేను అనను. ఇదంతా ఆత్మోన్నతి కథగా రాసేవాళ్లు 1937 దగ్గర పేజీ తిప్పేస్తారు, అది నాకు నచ్చదు. నాకు గురి కుదిరింది గురువు మీద. చీకట్లో అవా వేసిన రెండో బాణం మొదటిదాన్ని చీల్చిందని పుస్తకం గొప్పగా చెబుతుంది. అది కాకతాళీయమని ఆయనే కొమాచియాతో అన్నాడట. శిష్యుడు మహిమ అనుకున్నదాన్ని మహిమ కాదని ఒప్పుకునే గురువులు ఎందరు ఉంటారు?

ఇంకొకరు: మా అమ్మాయి విజయవాడలో ఆర్చరీ నేర్చుకుంటోంది. కప్పీలుండే కాంపౌండ్ విల్లు, చేతిలో నారిని పట్టి విడిచే రిలీజ్ అనే చిన్న మీట ఉంటుంది. దాన్ని వేలితో టక్కున నొక్కవద్దు, వీపు కండరాలతో లాగుతూనే ఉండు, అదే విడుతుంది అని కోచ్ రోజూ చెబుతారు. మీ చర్చ చదివాక దాని మాటలు గమనించాను. బాణం బాగా పడితే “వెళ్లింది నాన్నా” అంటుంది. పక్కకు పోతే “తొందరపడి వదిలేశాను” అంటుంది. ఇలా అనాలని ఎవరూ నేర్పలేదు.