ఆడంబరం: డాబు ముందా, చప్పుడు ముందా?

అక్షరప్రియ:
"అల్పుడెపుడు బల్కు నాడంబరముగాను" అన్న వేమన పద్యం అందరికీ వచ్చు. ఆడంబరంగా పలకడమంటే గొప్పలు పోవడమని బళ్లో చెప్పారు. దీని మూలం డంబమేనని నా వాదన, ముందు ‘ఆ’ చేరిందంతే. కాదనేవాళ్లు చెప్పండి.

నిఘంటువుపురుగు:
కాదండీ. డంబం సంస్కృత దంభానికి తద్భవం. దంభంలో ఉన్నది మోసం, లేనిది ఉన్నట్టు చూపించడం. ఆడంబరం మొదట ఒక వాద్యం పేరు. శుక్ల యజుర్వేదం 30వ అధ్యాయంలో పురుషమేధమనే యాగం దగ్గర ఎవరికి ఎవరిని సమర్పించాలో పెద్ద జాబితా ఉంది. అందులో "శబ్దాయ ఆడంబరాఘాతమ్" అని వస్తుంది, అంటే శబ్దానికి ఆడంబరం వాయించేవాణ్ణి. ఆ పక్కనే "బహువాదినమ్" అని అతిగా మాట్లాడేవాడూ ఉన్నాడు. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. అమరకోశం కూడా ఈ మాటకి తూర్యధ్వని (వాద్యాల మోత), ఏనుగుల గర్జన అనే అర్థాలే ఇస్తుంది. డాబు ఊసే లేదు.

అక్షరప్రియ:
వేదంలో ఉంటే తెలుగులోనూ అదేనా? పెళ్లి ఆడంబరంగా చేశారంటే బాజాలు మోగాయనా?

కొత్తసభ్యుడు:
మోగకుండా ఏ పెళ్లి జరిగిందండీ?

నిఘంటువుపురుగు:
వాడుక మారింది, ఒప్పుకుంటా. కానీ వేమన తర్వాత ఏమన్నాడు? "సజ్జనుండు బల్కు చల్లగాను, కంచు మోగునట్లు కనకంబు మోగునా". పోలికంతా మోత గురించే. కంచు గిన్నెను చెంచాతో తట్టి చూడండి, చెయ్యి అడ్డం పెట్టేదాకా ఖంగుమంటూనే ఉంటుంది. మేలిమి బంగారం టక్కుమని ఊరుకుంటుంది. ఆయన చెవికి ఆడంబరంలో చప్పుడు వినబడకపోతే ఈ ఉపమానం ఎందుకు తడుతుంది?

సందేహి:
ఇద్దరికీ ఒక చిక్కు. సంస్కృత కవి బాణుడు హర్షచరితంలో "గౌడేష్వక్షరడంబరః" అన్నాడు, గౌడ (బెంగాల్ వైపు) కవుల్లో అక్షరాల ఆర్భాటమే ఉంటుందని. ఇక్కడ ‘ఆ’ లేదు, ‘ర’ మాత్రం ఉంది. కాబట్టి డంబానికి ‘ఆ’ తగిలించారన్న మాట నిలవదు. అలాగని అంతా వాద్యమేనా అంటే, "ప్రభాతే మేఘడంబరం" ఉందిగా, పొద్దున్నే హడావిడి చేసి కురవకుండా పోయే మబ్బులు. ఇక్కడ డంబరం ఉరుములా, కమ్ముకోవడమా?

అక్షరప్రియ:
‘ర’ సంగతి నాకు తట్టలేదు. డంబం వదిలేస్తున్నా. మబ్బుల దగ్గర మాత్రం ఒప్పుకోను. అవి కంటికి కనబడే డాబే.

నిఘంటువుపురుగు:
ఉరమని మబ్బుకి డంబరం అంటారా? ఒక్క ప్రయోగం చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటా.