సీఓపీడీ ఉన్న నాన్నతో వ్యాయామం ఎలా మొదలుపెట్టించాలి?

నమస్కారం. గుంటూరులో ఉంటాం. మా నాన్నగారికి 64 ఏళ్లు. చుట్టలు మానేసి చాలా కాలమైనా సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది, ఇన్‌హేలర్ వాడుతున్నారు. డాక్టరుగారు పల్మనరీ రిహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లతో వ్యాయామం చేయించి, శ్వాస తీసుకునే పద్ధతులు నేర్పే కార్యక్రమం) చేయించమన్నారు. పాడైన ఊపిరితిత్తులు దానితో మామూలుగా అయిపోవు గానీ, కాళ్ల కండరాలు బలపడితే అదే పనికి ఆయాసం తగ్గుతుందట. నాన్నకేమో ఆయాసమంటేనే భయం, మెట్ల జోలికే వెళ్లరు. ఇలా కూర్చుండిపోతే కాళ్లు ఇంకా నీరసిస్తాయని నా టెన్షన్. పెదాలు ముడిచి మెల్లగా గాలి వదలడం మాత్రం నేర్చుకున్నారు, అదే పెద్ద ఊరట.

మీ ఇంట్లో ఎవరైనా ఇది చేశారా? నడకతో మొదలుపెట్టారా, కుర్చీలోంచి లేచి కూర్చోవడంతోనా? ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ ఎంతకు పడితే ఆపమన్నారు? భయం ఎలా పోగొట్టారు? గుంటూరు, విజయవాడల్లో ఇది నేర్పే ఫిజియోథెరపీ సెంటర్లు తెలిస్తే దయచేసి చెప్పండి.