విశాఖ కురుసుర, టీయూ-142: 40 మందిని ఏ వరుసలో తిప్పాలి?

రాజమండ్రి నుంచి 40 మందిమి ఒకే బస్సులో శనివారం విశాఖ వస్తున్నాం. సగం మంది అరవై దాటినవాళ్లు, ఇద్దరు మాజీ సైనికులు. బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 విమానం, 1971 యుద్ధ స్మారకం 'విక్టరీ ఎట్ సీ', మూడూ చూడాలి. మధ్యాహ్నం 2కి చేరి, రాత్రి 7కి తిరుగు ప్రయాణం.

ఇబ్బంది కురుసుర దగ్గరే. 91 మీటర్ల సబ్‌మెరైన్, లోపల ఇరుకు దారి; ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి కాలెత్తి, నడుం వంచి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే, అయినా 1971 యుద్ధంలో పనిచేసిన నౌక కాబట్టి పెద్దవాళ్లు చూడాల్సిందే అంటున్నారు. వాళ్లని బయట కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు.

ట్రావెల్స్ వాళ్లని అడిగితే అరకు, సింహాచలం ప్యాకేజీలే చెప్పారు. ఆన్‌లైన్‌లో టైమింగ్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. టికెట్ కౌంటర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఈమధ్య శనివారం గ్రూప్‌తో వెళ్లినవాళ్లు చెప్పండి: క్యూతో కలిపి 40 మందికి కురుసుర పూర్తవడానికి ఎంతసేపు పట్టింది?