గ్రౌచ్ అని ఎవరిని అంటారు? ఎప్పుడు అనవచ్చు?

కథలచెలి:
పిల్లల కోసం రాసిన ఇంగ్లిష్ కథల్లో గ్రౌచ్ అనే మాట తరచుగా ఎదురవుతోంది. నా దగ్గరున్న నిఘంటువు దానికి "కోపిష్ఠి" అని ఒక్క మాటలో అర్థం చెప్పి ఊరుకుంది. అయితే నేను చదువుతున్న కథలోని పెద్దాయన ఎవరి మీదా కేకలు వేయడు, ఏ వస్తువునూ విసిరికొట్టడు. పొద్దున లేచింది మొదలు కిటికీ పక్కన కూర్చుని, ఎండ కళ్లలో పడుతోందనీ, పిల్లలు మరీ గట్టిగా నవ్వుతున్నారనీ, కుర్చీ కిర్రుమంటోందనీ సణుగుతూనే ఉంటాడు. ఇలాంటి మనిషిని కోపిష్ఠి అనవచ్చా? ఈ మాటను మీరు ఎక్కడ విన్నారో, ఎలా వాడుతున్నారో చెప్పగలరు.

పదశోధకుడు:
మీ సందేహం సరైనదే. కోపిష్ఠి, ముక్కోపి అనే మాటలు ఇక్కడ అతకవు. ముక్కోపికి కోపం ముక్కు మీదే ఉంటుంది. భగ్గున లేస్తుంది, కాసేపటికి చల్లారిపోతుంది, ఆ తరువాత ఆయనే వచ్చి నవ్వుతూ మాట్లాడతాడు. అటువంటివారిని ఇంగ్లిష్‌లో హాట్‌హెడ్ అంటారు. గ్రౌచ్‌కు మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆయన చిర్రుబుర్రులాడతాడు, ముటముటలాడతాడు, ఏది చూపించినా అందులో ఒక లోటు వెతుకుతాడు, కానీ పెద్దగా గొడవకు దిగడు. కోపం వచ్చి పోయేదా, లేక రోజంతా సన్నగా సాగేదా అని చూసుకుంటే ఏ మాట వాడాలో తేలికగానే తెలుస్తుంది. మీ కథలోని పెద్దాయన అచ్చమైన గ్రౌచ్.

ఉచ్చారణ గురించి కూడా ఒక మాట. అక్షరాలను చూసి గ్రూచ్ అనీ, గ్రోచ్ అనీ పలికేవారు ఉన్నారు. మనం మౌనం అన్నప్పుడు పలికే "ఔ" ధ్వనే ఇక్కడా వస్తుంది.

నిత్యవిద్యార్థిని:
అర్థం తెలిసినా, మాటను మనిషి మీద ప్రయోగించే ముందు కొంత ఆలోచించాలని నా అనుభవం చెబుతోంది. నేను ఇంగ్లిష్ మాతృభాషగా గలవారితో కలిసి పని చేస్తాను. వారిలో ఒకరు ఉదయం సమావేశంలో ప్రతి ప్రశ్నకూ ముక్తసరిగా, విసుగ్గా జవాబిచ్చారు. మధ్యాహ్నానికి అందరికీ ఒక చిన్న సందేశం పంపుతూ, "సారీ, ఐ వజ్ ఎ బిట్ గ్రౌచీ దిస్ మార్నింగ్" అని రాశారు. రాత్రి నిద్ర చాలలేదని కింద ఒక వాక్యం చేర్చారు. గ్రౌచీ అనే విశేషణం ఆ పూట మనఃస్థితిని మాత్రమే చెబుతుంది కనుక, దాన్ని తమ గురించి తాము అనుకోవడానికి ఎవరూ వెనుకాడరు. అదే ఒకరిని చూపించి "హి ఈజ్ ఎ గ్రౌచ్" అంటే, అది ఆ మనిషి స్వభావం మీద వేసిన ముద్ర అవుతుంది. ఇంట్లోవారి మధ్య, స్నేహితుల మధ్య "డోంట్ బి సచ్ ఎ గ్రౌచ్" అని చనువుగా అనుకుంటారు. పై అధికారికి రాసే ఉత్తరంలో మాత్రం ఆ నామవాచకానికి చోటు లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవారు ముందు విశేషణాన్ని అలవాటు చేసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాతపుటలు:
ఈ మాట పుట్టుకను తెలుసుకుంటే అర్థం మరింత బాగా గుర్తుంటుంది. సణగడం, గొణగడం అనే అర్థంలో పాత ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి గ్రచ్ అనే క్రియ వచ్చింది. మనసులో పెట్టుకున్న అక్కసును చెప్పే గ్రజ్ కూడా ఆ వేరు నుంచి మొలిచినదే. గ్రౌచ్ అనే రూపం 19వ శతాబ్ది చివరలో అమెరికా వ్యావహారికంలో స్థిరపడింది. సణుగుడు ఈ మాటకు మూలంలోనే ఉందన్నమాట. ఆ తరువాత, 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో ఆస్కార్ ద గ్రౌచ్ అనే బొమ్మ పాత్ర దీన్ని పసిపిల్లలకు కూడా పరిచయం చేసింది. చెత్తడబ్బాలో కాపురం ఉండే ఆ పాత్ర, మూత ఎత్తి తల బయటపెట్టి, పలకరించినవారందరినీ విసుక్కుంటుంది. మొదటి సంవత్సరం నారింజ రంగులో ఉన్న ఆస్కార్ ఆ తరువాత ఆకుపచ్చగా మారాడు. ఆ పాత్రను చూస్తూ పెరిగినవారికి గ్రౌచ్ అన్న మాటలో కొంత ముద్దు కూడా వినిపిస్తుంది.

కథలచెలి:
చాలా స్పష్టమైంది. అయితే క్రాంకీ, గ్రంప్, క్రాస్‌ప్యాచ్, కర్మడ్జన్ అనే మాటలు కూడా ఇలాంటి సందర్భాల్లోనే కనిపిస్తున్నాయి. ఒకదాని స్థానంలో మరొకటి వాడవచ్చా?

పదశోధకుడు:
గ్రంప్, గ్రౌచ్ దాదాపు ఒకటే. బ్రిటన్‌లో గ్రంప్, గ్రంపీ ఎక్కువగా వినిపిస్తాయి. క్రాంకీ విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికాలో నిద్రకు వచ్చి పేచీ పెడుతున్న పసిబిడ్డను క్రాంకీ అంటారు, బ్రిటన్‌లో అదే మాటకు వింత ధోరణి గల మనిషి అనే అర్థం ఉంది. క్రాస్‌ప్యాచ్ పాతబడిన మాట. మూతి ముడుచుకున్న పిల్లలను పెద్దలు బుజ్జగిస్తూ అనేది.

పాతపుటలు:
కర్మడ్జన్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే దాని చరిత్ర నాకు ఎంతో ఇష్టం. 16వ శతాబ్దిలోనే వాడుకలో ఉన్న ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నేటికీ ఎవరూ తేల్చలేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువులో దీన్ని "దుష్ట హృదయం" అని అర్థమిచ్చే "కర్ మెషాన్" అనే ఫ్రెంచ్ మాటల జంటకు ముడిపెట్టి, ఆ సంగతి తనకు పేరు తెలియని ఒక లేఖకుడు తెలిపాడని సూచిస్తూ "అజ్ఞాత లేఖకుడు" అని పక్కన రాశాడు. 1775లో జాన్ ఆష్ అనే మరో నిఘంటుకారుడు ఆ రెండు మాటలనూ ఫ్రెంచ్ పదాల అర్థాలుగా పొరబడి, మొదటి దానికి "అజ్ఞాత" అనీ, రెండవదానికి "లేఖకుడు" అనీ అచ్చువేశాడు. జాన్సన్ కాలంలో ఈ మాటకు పిసినారి అనే అర్థం కూడా ఉండేది. ఇప్పుడు ఎక్కువగా, లోకం తీరు నచ్చక తన అభిప్రాయాలను మొండిగా పట్టుకుని కూర్చునే వృద్ధుడిని ఇలా అంటారు. గ్రౌచ్ కంటే బరువైన మాట, వ్యాసాల్లోనూ చెల్లుతుంది.

నిత్యవిద్యార్థిని:
ఇంకొక తేడా కూడా ఉంది. కర్మడ్జన్ అనగానే చాలామందికి ముసలాయనే స్ఫురిస్తాడు. గ్రౌచ్‌కు ఆడమగ, చిన్నాపెద్ద భేదం లేదు. కథలచెలి గారూ, మీ కథను తెలుగులో చెప్పేటప్పుడు ఒకే మాట కోసం వెతకకుండా, ఆ పెద్దాయన నోరు విప్పిన ప్రతిచోటా "సణిగాడు", "గొణిగాడు", "విసుక్కున్నాడు" అని సందర్భాన్ని బట్టి మార్చి చూడండి.

కథలచెలి:
తప్పకుండా చేస్తానండీ. కుర్చీ దగ్గర "గొణిగాడు", పిల్లల నవ్వు దగ్గర "విసుక్కున్నాడు" చక్కగా కుదిరాయి. ఆయనను ఇతరులు పిలిచే చోట మాత్రం "చిర్రుబుర్రుల తాతయ్య" అని పెడుతున్నాను.