నాన్న కాలి ఎక్స్‌రేలో రక్తనాళాలు తెల్లగా కనిపించాయి, కాల్షియం బిళ్ళలు ఆపేయాలా?

రామంతపూర్ వాసి:
నాన్నకి 72 ఏళ్ళు, షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. పోయిన వారం బాత్‌రూమ్‌లో జారి చీలమండ వాచిపోతే ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు కానీ రిపోర్టు చివర్లో రక్తనాళాల గోడల్లో కాల్షియం ఉందని ఒక లైను రాశారు. ఫిల్మ్ కిటికీకి పెట్టి చూస్తే ఎముక వెనక రెండు సన్నటి తెల్ల గీతలు పక్కపక్కనే, రైలు పట్టాల్లా, పాదం దాకా దిగాయి. ఎముకల డాక్టర్‌ని అడిగితే ‘వయసు మీద పడితే వస్తాయి’ అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపేశారు.

ఇంట్లో మాత్రం పెద్ద పంచాయితీ. అమ్మేమో అంతా బోరు నీళ్ళ వల్లే అంటుంది, మా గీజర్ రాడ్ ఏటా సున్నం పట్టి పోతుంది కాబట్టి ఒంట్లోనూ అంతేనట. బాబాయి మోకాళ్ళకి రాసిన కాల్షియం బిళ్ళలే కారణం, ఇవాళే ఆపెయ్యమంటున్నాడు. నాన్న ఎవరి మాటా కాదనకుండా కిళ్ళీలో సున్నం వద్దని చెప్పి వేయించుకుంటున్నారు, కిళ్ళీ మాత్రం మానలేదు. ఇంట్లో మెషీన్‌లో బీపీ 168/62 వస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎక్స్‌రే గది మనిషి:
నేను డాక్టర్ని కాదు, పదిహేనేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. షుగర్ పాతబడినవాళ్ళ కాళ్ళలో ఆ రైలు పట్టాలు రోజూ చూస్తాను. దాన్ని మాంకెబర్గ్ అనే జర్మన్ డాక్టరు 1903లోనే వర్ణించాడు, కొత్త జబ్బేం కాదు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని దానిలో కాల్షియం చేరడం ఒక రకం, అది నాళం లోపలి పొరలో. మీ నాన్నగారిది బహుశా గోడ మధ్య పొరలోది. అది దారిని వెంటనే మూసేయదు, గొట్టాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. షుగర్, కిడ్నీ జబ్బు, వయసు, ఈ మూడూ కలిస్తే ఎక్కువ.

గీజర్ పోలిక భలే ఉంది కానీ మన రక్తనాళం ఇనప రాడ్ కాదండీ. పేగు ఎంత పీల్చుకోవాలి, కిడ్నీ ఎంత వదలాలి అన్నది ఒళ్ళే చూసుకుంటుంది, రక్తంలో కాల్షియం మామూలుగా డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉంటుంది. అసలు జరిగేదేమిటంటే, ఏళ్ళ తరబడి షుగర్ దెబ్బ తగిలి, నాళం గోడలోని కండర కణాలే ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. కాబట్టి సున్నం మానితే తగ్గేది కాదు. కిళ్ళీలో జర్దా ఉంటే మాత్రం ముందు దాన్ని మాన్పించండి.

బిళ్ళలు మీ అంతట మీరు ఆపకండి, ఎవరు ఎందుకు రాశారో వాళ్ళనే అడగండి. కిడ్నీ కోసం చేసే క్రియాటినిన్, ఫాస్ఫరస్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించి ఎంత కాలమైంది? కాలి రక్తప్రసరణ చూసే ఏబీఐ పరీక్ష (చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె) రాస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి. గొట్టం బిగుసుకుని ఉంటే పట్టీ ఎంత గాలి పట్టినా నాళం నొక్కుకోదు, అప్పుడు అంకె 1.4 దాటి వస్తుంది. దాన్ని చూసి ‘బాగుంది’ అనుకుని ఇంటికొచ్చేసినవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకి బొటనవేలి దగ్గర ప్రెషర్ చూస్తారు.

కూకట్‌పల్లి కోడలు:
మీరు రాసిన 168/62 చూసి ఆగిపోయాను, అచ్చం మా మామగారి అంకెలే. పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా మామూలుగా 40 దగ్గర ఉంటుంది, మీ నాన్నగారిది 106. గుండె ఒక్కసారి కొట్టినప్పుడు పెద్ద రక్తనాళం కాస్త సాగి, కొంత రక్తం దాచుకుని, తర్వాతి దెబ్బ దాకా మెల్లగా వదలాలట. బిగుసుకున్నాక సాగదు, అందుకే పైది ఎగురుతుంది, దాచుకున్నది లేక కిందిది పడిపోతుంది. మాకు ఇది చెప్పింది మూడో డాక్టరు. మొదటి ఇద్దరూ పైది చూసి బిళ్ళలు పెంచుతూ పోయారు, ఓ రోజు తెల్లవారుజామున మామయ్య మంచం దిగి రెండడుగులు వేసి అల్మారా మీద పడ్డారు, నుదుటికి ఐదు కుట్లు. పైది తగ్గించాల్సిందే, కాదనను, కానీ కిందిది కూడా దానితో పాటు దిగుతుంది, గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా రెండు దెబ్బల మధ్య, ఆ కింది బీపీ సమయంలోనే.

మీ నాన్నగారు అసలెందుకు జారారు? నేల తడిగా ఉందా, కళ్ళు తిరిగాయా? పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూడండి. నిలబడితే పైది 20 పడితే డాక్టరుకి అదే మొదట చెప్పండి.

యోగా బాబాయ్:
విటమిన్ కే2 వాడండి, కాల్షియాన్ని నాళాల్లోంచి తీసి ఎముకల్లో పెడుతుంది. మా వాకింగ్ బ్యాచ్‌లో అందరూ వాడుతున్నారు.

ఎక్స్‌రే గది మనిషి:
బాబాయ్ గారూ, గోడలో కాల్షియం చేరకుండా ఆపే ఒక ప్రొటీన్‌కి విటమిన్ కే కావాలన్నది నిజమే. అక్కడి నుంచి ‘పేరుకున్నది తీసేస్తుంది’ దాకా చాలా దూరం. డెన్మార్క్‌లో గుండె కవాటంలో కాల్షియం ఉన్న పెద్ద వయసు మగవాళ్ళకి రెండేళ్ళు ఇచ్చి చూశారు, ఆగలేదు. పైగా మీ బ్యాచ్‌లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే ఆ బిళ్ళతో దాని పని చెడుతుంది, అడిగి చూడండి.

రామంతపూర్ వాసి:
రాత్రి చూశాను. పడుకున్నప్పుడు 164/60, నిలబడ్డ నిమిషానికి 138/58. నేల తడిగా లేదట, ‘కాస్త తూలింది, మీకెందుకులే అని చెప్పలేదు’ అన్నారు. ప్రోస్టేట్ బిళ్ళ ఒకటి నెల క్రితం కొత్తగా మొదలైంది, తూలడం దానివల్లేమో అడగాలని దాని స్ట్రిప్ కూడా తీసుకుని రేపు పొద్దున ఫిజీషియన్ దగ్గరికి వెళ్తున్నాం. కిడ్నీ పరీక్షల రిపోర్టు వెతికితే రెండేళ్ళ నాటిది దొరికింది. కిళ్ళీలో జర్దా ఉందట, ముప్పై ఏళ్ళుగా, అమ్మకి కూడా ఇవాళే తెలిసింది. ప్రస్తుతం ఇంట్లో బోరు నీళ్ళ గొడవ లేదు.