విట్బీ ప్రముఖుల జాబితా: అక్కడ పుట్టినవారినే చేర్చాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో ఎస్క్ నది ఉత్తర సముద్రంలో కలిసే చోట, యార్క్‌షైర్ తీరాన ఉన్న విట్బీ అనే చిన్న రేవు పట్టణం గురించి తెలుగులో ఒక విజ్ఞానసర్వస్వ వ్యాసం రాస్తున్నాను. నది రేవును రెండుగా చీల్చడం, తూర్పు కొండ మీద పాత మఠం శిథిలాలు, అక్కడికి చేరుకునే 199 మెట్లు, పడమటి కొండ మీద తిమింగలం దవడ ఎముకలతో నిలబెట్టిన తోరణం వంటి విషయాలన్నీ రాయడం పూర్తయింది. "ప్రముఖులు" అనే విభాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ఆగిపోయింది.

నా ఇబ్బంది ఏమిటంటే, విట్బీ పేరు వినగానే అందరికీ గుర్తుకొచ్చే, పసిఫిక్ మహాసముద్రంలో అన్వేషణ యాత్రలు చేసిన నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ అక్కడ పుట్టలేదు. డ్రాకులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ డబ్లిన్ వాడు, 1890 వేసవిలో సెలవు గడపడానికి వచ్చి కొన్ని వారాలు ఉండి వెళ్లిపోయాడు. జన్యుశాస్త్రానికి ఇంగ్లీషులో ఆ పేరు పెట్టిన విలియం బేట్‌సన్ 1861లో విట్బీలోనే పుట్టాడు గాని, ఆయన తండ్రి కేంబ్రిడ్జిలో ఒక కళాశాలకు అధిపతి కావడంతో ఆయన జీవితమంతా అటువైపే సాగింది. పుట్టుకనే ప్రమాణంగా తీసుకుంటే బేట్‌సన్ లోపలికి వస్తాడు, కుక్ బయటికి పోతాడు. ఇది చదివేవారికి వింతగా తోచదా? ఎవరిని ఉంచాలి, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి అన్నది ఈ పట్టణ చరిత్ర తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1

పుట్టుకను ప్రమాణంగా పెట్టుకోకండి. ఆ ఊరు లేకపోతే ఆ మనిషి చేసిన పని జరిగేదా అని అడిగి చూడండి. కుక్ విషయంలో జవాబు స్పష్టంగా ఉంది.

కుక్ 1728లో మార్టన్ అనే పల్లెలో, వ్యవసాయ కూలీ ఇంట పుట్టాడు. స్టెయిత్స్ అనే జాలరుల ఊళ్లో ఒక దుకాణంలో కొంతకాలం పనిచేసి, 1746లో 18 ఏళ్ల ప్రాయంలో విట్బీకి వచ్చి జాన్ వాకర్ అనే ఓడల యజమాని దగ్గర అప్రెంటిసుగా చేరాడు. గ్రేప్ లేన్‌లో ఉన్న ఆ వాకర్ ఇల్లే ఇప్పుడు కుక్ స్మారక మ్యూజియం. వాకర్ ఓడలు ప్రధానంగా టైన్ నది నుండి లండనుకు బొగ్గు మోసేవి. దూరం తక్కువేనని ఆ పనిని తేలికగా తీసుకోవడానికి లేదు. ఇంగ్లండు తూర్పు తీరం పొడవునా ఇసుక మేటలు ఉంటాయి, తుఫాను వస్తే తలదాచుకునే చోట్లు తక్కువ, పైగా నాటి పటాలను నమ్మి ఓడ నడపడం కష్టం. లోతు కొలుచుకుంటూ, ఆటుపోట్ల వేళలు గమనించుకుంటూ, కనిపించని మేటల మధ్య నుండి ఓడను తప్పించుకుపోవడం కుక్ నేర్చుకున్నది ఈ బొగ్గు ఓడల మీదే. 1755లో వాకర్ ఒక ఓడకు నాయకత్వం ఇస్తానన్నా కాదని, కుక్ రాజ నౌకాదళంలో మామూలు నావికుడుగా చేరాడు. వాకర్‌తో స్నేహం మాత్రం తెగలేదు, మహాయాత్రల కాలంలో కూడా ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

మనుషుల కంటే ఓడల సంబంధం ఇంకా గట్టిది. కుక్ మొదటి మహాయాత్రకు వెళ్లిన ఎండెవర్ అసలు "ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్" పేరుతో 1764లో విట్బీలో, థామస్ ఫిష్‌బర్న్ ఓడల రేవులో తయారైన బొగ్గు ఓడ. నౌకాదళం దాన్ని 1768లో కొన్నది. తరువాతి యాత్రలకు వెళ్లిన రిజల్యూషన్, అడ్వెంచర్, డిస్కవరీ కూడా విట్బీలో కట్టినవే. ఈ ఓడలకు అందం లేదు, వేగం లేదు. అయితే అడుగు భాగం బల్లపరుపుగా, వెడల్పుగా ఉండటం వల్ల సరుకు ఎక్కువ పడుతుంది, నీరు తీసినప్పుడు ఒడ్డు మీద పక్కకు పడిపోకుండా నిలబడుతుంది. దీని విలువ 1770 జూన్‌లో తెలిసింది. ఆస్ట్రేలియా తూర్పున ఎండెవర్ ఒక రాత్రి పగడపు దిబ్బకు గుద్దుకుని ఇరుక్కుపోయింది. ఫిరంగులను, బరువైన సామాన్లను సముద్రంలోకి తోసేసి, నారపీచు, ఉన్ని దట్టించిన తెరచాపను అడుగు కిందుగా లాగి కట్టి, నీటిని తోడుతూ ఒక నది ముఖద్వారానికి చేర్చారు. ఒడ్డుకు లాగి చూస్తే, విరిగిన పగడపు ముక్క ఒకటి రంధ్రంలోనే బిగుసుకుని నీటిని అడ్డుకుంటోంది. విట్బీ ఓడ కాకపోయి ఉంటే అలా ఒడ్డుకు చేర్చి, వారాల తరబడి బాగుచేసుకోవడం సాధ్యమయ్యేదా అన్నది సందేహమే. కాబట్టి కుక్ పేరు పక్కనే ఫిష్‌బర్న్ పేరు కూడా ఉండాలి. చాలా జాబితాలలో ఆయన కనిపించడు, అది అన్యాయమని నా అభిప్రాయం.

మరొక్క మాట. కుక్ గురించి రాసేటప్పుడు పొగడ్తతో ఆపేయకండి. 1769 అక్టోబరులో న్యూజిలాండులో తొలిసారి దిగినప్పుడే ఆయన మనుషుల తుపాకులకు కొందరు మావోరీలు బలయ్యారు. చివరకు 1779లో హవాయిలో జరిగిన ఘర్షణలో ఆయన ప్రాణం కూడా పోయింది.

జవాబు 2

పైవారి ప్రమాణం నాకు సమ్మతమే, అయితే దాన్ని కుక్ దగ్గర మొదలుపెట్టడం వెయ్యేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టినట్టు అవుతుంది. విట్బీకి మొదటి ప్రముఖురాలు హిల్డ్. ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా రాజ్యపు రాజు ఆస్వియు అండతో 657లో ఆ కొండ మీద మఠం ఏర్పడినప్పుడు ఆమెనే దానికి అధిపతిని చేశారు. స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉన్న ఆ మఠానికి ఒక స్త్రీ అధిపతిగా ఉండటం, అక్కడ చదువుకున్నవారిలో ఐదుగురు బిషప్పులు కావడం మామూలు సంగతి కాదు. ఆమె జీవితం గురించి మనకు తెలిసినదంతా దాదాపు బీడ్ అనే సన్యాసి 731లో పూర్తిచేసిన చరిత్ర నుండి వచ్చినదే.

664లో జరిగిన విట్బీ మతసభకు ఆతిథ్యం ఇచ్చింది ఆమె మఠమే. ఈస్టర్ పండుగ ఏ రోజున జరుపుకోవాలన్నది ఆ సభ తేల్చవలసిన ప్రశ్న. పైకి ఇది పంచాంగం తగాదాలా కనిపించినా రాజుగారి ఇంట్లోనే పెద్ద చిక్కు తెచ్చింది. రాజు ఐర్లండు సంప్రదాయం ప్రకారం లెక్క చూసుకునేవాడు, కెంట్ నుండి వచ్చిన పరివారంతో ఉన్న రాణి రోము లెక్క పాటించేది. రాజు పండుగ భోజనానికి కూర్చునే రోజున రాణి ఇంకా ఉపవాసంలోనే ఉండే సంవత్సరాలు ఉండేవని బీడ్ రాశాడు. చివరికి రాజు రోము పక్షానికి తీర్పు చెప్పాడు. హిల్డ్ ఐర్లండు పక్షాన నిలిచినదే, అయినా తీర్పు వెలువడిన తరువాత దానికి కట్టుబడింది.

ఆమె కాలంలోనే ఆ మఠంలో పశువులు కాసుకునే కాడ్మన్ అనే అతను ఉండేవాడు. విందులలో వీణ చేతులు మారుతూ తన దగ్గరకు వస్తోందని గమనించగానే, పాడటం రాదన్న సిగ్గుతో లేచి వెళ్లిపోయేవాడట. అలా వెళ్లి కొట్టంలో పడుకున్న ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమన్నారని, సృష్టిని గురించి తానెన్నడూ వినని పద్యాలు పాడానని మరునాడు పై అధికారికి చెప్పుకున్నాడు. ఆయన అతన్ని హిల్డ్ ముందుకు తీసుకువెళ్లాడు. ఇక్కడ నాకు నచ్చేది ఆమె చేసిన పని. కలను నమ్మేసి ఊరుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. పండితుల చేత పవిత్ర గ్రంథంలోని ఒక భాగాన్ని అతనికి వినిపించి, దాన్ని పద్యంగా చెప్పగలవేమో చూడమని పంపింది. అతను తెల్లవారేసరికి పద్యం చేసుకుని వచ్చాడు. ఆ పశువుల కాపరి పాటలో ఇప్పటికి మిగిలింది తొమ్మిది పంక్తులే. అయినా ఇంగ్లీషులో పేరు తెలిసిన కవులలో మొదటివాడు అతనే.

హిల్డ్ పాములను రాళ్లుగా మార్చిందన్న కథ ఒకటి ఉంది. తీరపు కొండచరియల్లో దొరికే చుట్టలు తిరిగిన అమ్మోనైట్ అనే ప్రాచీన సముద్ర జీవుల శిలాజాలను చూసి పుట్టిన కథ అది. ఆ శిలాజాలలో ఒక ప్రజాతికి శాస్త్రజ్ఞులు హిల్డోసెరాస్ అని పేరు పెట్టారు. దీన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తే చాలు, వ్యాసాన్ని మింగేయనివ్వకండి.

జవాబు 3

సన్యాసినులు, నావికులు అయ్యారు కదా, నేను ఒక ఇటుకల పనివాడి గురించి చెబుతాను. హెన్రీ ఫ్రీమన్ 1835లో బ్రిడ్లింగ్టన్‌లో పుట్టాడు, ఇటుకలు చేసే వృత్తి వదిలి విట్బీలో చేపలు పట్టే పనిలోకి వచ్చాడు. 1861 ఫిబ్రవరి 9న భయంకరమైన తుఫానులో తీరం పొడవునా ఓడలు వచ్చి కొట్టుకుంటుంటే, విట్బీ లైఫ్‌బోట్ సిబ్బంది ఐదు సార్లు వెళ్లి మనుషులను ఒడ్డుకు చేర్చారు. ఆరోసారి వెళ్లినప్పుడు గట్టు మీద జనమంతా చూస్తుండగానే పడవ తలకిందులైంది. పదముగ్గురిలో పన్నెండుగురు మునిగిపోయారు. ఫ్రీమన్ ఒక్కడే బతికాడు. కారణం, కొత్తగా వచ్చిన బెండు లైఫ్ జాకెట్ ఆ రోజు వేసుకున్నది అతనొక్కడే. మిగిలినవారి దగ్గర ఉన్నవి పాత రకానివి. మనిషి ధైర్యంతో పాటు ఒక వస్తువు పనితనాన్ని కూడా ఒక ఊరంతా కళ్లారా చూసిన ఘటన ఇది. బెండు జాకెట్ వేసుకుని నిలబడిన ఫ్రీమన్ ఛాయాచిత్రం ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది.

అతను అక్కడితో ఆగలేదు. ఆ తరువాత అదే పడవల సిబ్బందికి నాయకుడయ్యాడు. 1881 జనవరిలో రాబిన్ హుడ్స్ బే దగ్గర విజిటర్ అనే ఓడ మునిగిపోతే, సముద్రం మీదుగా వెళ్లే వీలు లేక, లైఫ్‌బోట్‌ను గుర్రాలతో, మనుషులతో మంచు పేరుకున్న కొండదారి వెంట ఆరు మైళ్లు లాక్కెళ్లారు. మొదటిసారి అలలకు తెడ్లు విరిగి వెనక్కి రావలసి వచ్చింది. రెండోసారి వెళ్లి ఓడవారు ఆరుగురినీ తీసుకువచ్చారు. ఫ్రీమన్ 1904లో చనిపోయాడు. పుట్టుక ప్రమాణం ప్రకారం అతను విట్బీ వాడు కాడు. ఆ మాట ఆ ఊళ్లో అని చూడండి!

స్కోర్స్‌బీల సంగతి కూడా మరవకండి. తండ్రి విలియం స్కోర్స్‌బీ తిమింగలాల వేటలో పేరుపడ్డ నాయకుడు, తెరచాప కొయ్య చిట్టచివర కావలివాడు చలిగాలికి తట్టుకుని నిలబడటానికి పీపాతో చేసిన గూడును 1807లో రూపొందించినవాడు. అదే పేరు గల కొడుకు వేటకు వెళ్తూనే మంచు స్ఫటికాల బొమ్మలు గీశాడు, లోతు నీటి ఉష్ణోగ్రతలు కొలిచాడు, 1820లో ఆర్కిటిక్ ప్రాంతాల గురించి రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు, ఆ తరువాత వేట వదిలి మతాచార్యుడయ్యాడు. ఇనుప ఓడల మీద దిక్సూచి ఎందుకు తప్పు చూపుతుందో తేల్చడానికి 1856లో, అరవై దాటిన వయసులో, ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కాడు. నన్ను అడిగితే ఈ కొడుకుకి కుక్‌తో సమానమైన చోటు ఇవ్వాలి.

ఇక బ్రామ్ స్టోకర్. సెలవుకు వచ్చినవాడికి జాబితాలో చోటేమిటని నాకు అనిపిస్తుంది. అతని నవల వల్ల విట్బీకి సందర్శకులు వస్తున్నారు, నిజమే. అలాంటప్పుడు దాన్ని "పర్యాటకం" కింద రాస్తే సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫిష్‌బర్న్, ఫ్రీమన్ నా చిత్తుప్రతిలో లేనేలేరు, ఇద్దరినీ చేరుస్తున్నాను. స్టోకర్ విషయంలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆధునిక కాలపు స్త్రీలు ఎవరైనా ఉన్నారా అన్నది కూడా తెలిస్తే బాగుంటుంది.

జవాబు 4

స్టోకర్‌ను తీసేయడం తొందరపాటు అవుతుంది. మొదటి జవాబులోని ప్రమాణాన్నే పెట్టి చూడండి. విట్బీ గ్రంథాలయంలో విలియం విల్కిన్‌సన్ రాసిన వలేకియా, మోల్డేవియా దేశాల వృత్తాంతం చదువుతుండగానే స్టోకర్‌కు డ్రాకులా అన్న పేరు దొరికింది. ఆ పుస్తకం గ్రంథాలయ సంఖ్యను కూడా తన నోట్సులో రాసుకున్నాడు. అంతకు ముందు ఆ పాత్రకు వేరే పేరు అనుకున్నాడు. 1885 అక్టోబరులో దిమిత్రి అనే రష్యా ఓడ టేట్ హిల్ ఇసుక మీదకు కొట్టుకువచ్చిన సంగతిని అక్కడివారి నుండి సేకరించుకున్నాడు. 1897లో అచ్చయిన నవలలో అదే దెమీతర్ అనే ఓడగా మారి అదే రేవుకు చేరింది. కొండ మీది స్మశానంలో సమాధి రాళ్ల మీద చదివిన పేర్లు కూడా కథలోకి వచ్చాయి. కొన్ని వారాలే ఉన్నాడన్నది అప్రధానం, ఆ వారాలలో ఏమి తీసుకువెళ్లాడన్నది చూడాలి. ఒక పేరా ఇవ్వండి, అంతకు మించి వద్దు.

స్త్రీల గురించి అడిగారు. మార్గరెట్ స్టార్మ్ జేమ్‌సన్ 1891లో విట్బీలోనే పుట్టింది, ఓడ కెప్టెన్ కూతురు. చాలా నవలలు రాసింది, వాటిలో ఓడలు కట్టే కుటుంబాల కథలకు విట్బీనే ఆధారం చేసుకుంది. 1938లో రచయితల సంఘమైన ఇంగ్లీష్ పెన్‌కు అధ్యక్షురాలై, యుద్ధకాలంలో నాజీల నుండి తప్పించుకుని వచ్చిన రచయితలకు ఆశ్రయం దొరకడానికి ఎంతో పాటుపడింది. పుట్టుక, పని అనే రెండు ప్రమాణాలకూ నిలబడే మనిషి ఆమె. అయినా చాలా జాబితాలలో ఆమెకు ఒక్క పంక్తి మించి దక్కదు.

బేట్‌సన్‌కు మాత్రం ఆ ఒక్క పంక్తి చాలు. మెండెల్ ఫలితాలను ఇంగ్లీషు పాఠకుల ముందుకు తెచ్చి వాటి కోసం పోరాడిన గొప్ప శాస్త్రజ్ఞుడే, కానీ ఆ పనిలో విట్బీ పాత్ర ఏమీ లేదు. ఆయన వివరాలు జన్యుశాస్త్రం వ్యాసంలో రాసి, ఇక్కడి నుండి దానికి లంకె ఇవ్వండి. ఛాయాచిత్రకారుడు ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్ పేరు ఎవరూ ఎత్తలేదు. లీడ్స్ దగ్గర 1853లో పుట్టి, విట్బీలో స్టూడియో పెట్టుకుని, సెలవులకు వచ్చినవారి ముఖచిత్రాలు తీసి పొట్టపోసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా బరువైన కెమెరాతో రేవు గట్టు మీదికి వెళ్లి జాలరులను, వల బాగుచేసే ఆడవాళ్లను, పడవ చుట్టూ నీళ్లలో ఆడుకునే పిల్లలను ఫొటోలు తీశాడు. 1886 నాటి ఆ పిల్లల ఫొటోతో ఆయనకు దేశమంతటా పేరు వచ్చింది. మీ వ్యాసానికి బొమ్మలు కావాలంటే మొదట ఆయన తీసినవే చూడండి. 1941లో చనిపోయాడు కాబట్టి హక్కుల చిక్కు కూడా తక్కువగానే ఉండాలి, అయినా పెట్టే ముందు సరిచూసుకోండి.