పొయ్యి చుట్టూ ఎముకలు: విసిరినవా, వాలు వెంట జారినవా?

అలాస్కాలోని నునామియుట్ వేటగాళ్ల మధ్య చేసిన పరిశీలనల ఆధారంగా పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ బిన్‌ఫోర్డ్ 1978లో ప్రచురించిన నమూనా ప్రకారం, పొయ్యి చుట్టూ కూర్చున్నవారి దగ్గరే చిన్న ఎముక ముక్కలు రాలి ఉండిపోతాయి, పెద్దవి వారి ముందుకో వెనక్కో విసిరిన చోట పడతాయి. ఒక ప్రాచీన శిబిరంలోని పొయ్యిని దీనితో పోల్చి చూస్తున్నాను, కానీ పోలిక సగమే కుదురుతోంది.

2 సెంటీమీటర్ల లోపు ముక్కలు పొయ్యి అంచు నుంచి మీటరు లోపలే గుమిగూడి ఉన్నాయి. 5 సెంటీమీటర్లు మించినవి మాత్రం వలయంగా కాక, నేల వాలిన దిక్కుకే బారుగా పరుచుకున్నాయి. మట్టిని 3 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాను. కాలిన ముక్కలను విడదీసి పటం మళ్లీ గీశాను. విరిగిన అంచులను జతపరిస్తే ఆ జతలూ వాలు వెంబడే కలిశాయి. పంటిగాట్లు లేవు కనుక జంతువులు ఈడ్చుకుపోయి ఉంటాయనుకోవడం కష్టం. వాన నీరే కారణమైతే తేలికైన చిన్న ముక్కలు ముందు కొట్టుకుపోవాలి, అవి కదలకపోవడమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. పొడవాటి ఎముకలు నేలలో ఏ దిశకు తిరిగి ఉన్నాయో కొలిచినా స్పష్టమైన మొగ్గు తేలలేదు.

నేటి సమాజాలలో వాలు నేల మీది పొయ్యిలను స్వయంగా గమనించినవారు, మనుషులు విసిరిన ఎముకలను వాటంతటవే జారినవాటి నుంచి వేరు చేయడానికి ఏ కొలతను నమ్ముతారు?